తాలింపు లేని పూట

మా జేజి, అదే మా నాయనమ్మ, పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నంద్యాలలో నాకు నర్సింగ్ సీటు వచ్చింది. చేరేముందు ఆటలమ్మ రాకుండా టీకా వేయించుకోవాలన్నారు కాలేజీవాళ్ళు. నాయన నన్ను ఆళ్ళగడ్డకు తీసుకుపోయి మొదటి సూది వేయించాడు. మర్నాడే చేరాలి. అంతవరకూ బాగానే ఉంది.

ఇంటికి రాగానే జేజి అడిగింది, "ఆ సూదిలో ఏముంటాది ఇంద్రజా?"

నా నోరు ఊరుకుంటుందా? నర్సమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. "ఆటలమ్మ పురుగే జేజీ. దాని సత్తువ తీసేసి రవ్వంత ఎక్కిస్తారు."

అంతే! జేజి పొయ్యి మీది తాలింపు దింపేసింది. గుమ్మానికి వేపమండలు కట్టింది.

"ఏందీ, అమ్మవారిని ఒంట్లోకి పిల్చుకోనొచ్చి ఊరికే కూచ్చుంటే ఎట్ల? ఇంట్లో తాలింపు పెట్టగూడదు. తలకు నీళ్ళు పోసేదాకా నువ్వు గడప దాటగూడదు."

"రేపు చేరకుంటే సీటు పోతాది జేజీ!"

"పోనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం తెలుసని మాట్లాడ్తాండావ్?" అని అరిచేశాను. నాయన ట్రాక్టరు చూసుకోవాలంటూ మెల్లగా జారుకున్నాడు.

జేజి అరవలేదు. మచ్చల ముఖం నా వైపు తిప్పి, చూపులేని ఎడమ కన్ను మీద వేలు పెట్టింది. చిన్నప్పుడు పెద్దమ్మవారు, అంటే మశూచి, పోసి పోయిన కన్ను అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనిది అప్పుడు చెప్పింది.

"మా నాయన సప్పిడి కూడు తినలేకపోతాండాడని మాయమ్మ పప్పుకు తాలింపు పెట్టింది. తెల్లారేసరికి నా కన్ను పోయింది. మాయమ్మ బతికినన్నాళ్ళూ మళ్ళా తాలింపు పెట్టలేదు. నీ కండ్లు నాకు కావల్లమ్మీ."

తాలింపుకూ కన్నుకూ సంబంధం లేదని చెప్పొచ్చు. అది మాని పోయి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

"మరి సీటు, జేజీ?"

జేజి నా తల నిమురుతూ కూర్చుంది.

తెల్లవారుజామునే లేపి వేపాకు నీళ్ళు తలకు పోసింది. ముఖానికి పసుపు రాసి, అమ్మవారితోనే మాట్లాడుకుంది. "బేగా పంపిస్తాండానని కోపం జేసుకోవద్దు తల్లీ. బిడ్డ చదువుకు పోవల్ల. నువ్వూ దాని ఎంబడి నంద్యాలకు పో. ఆడ దానికెవురూ లేరు."

బస్సు శిరివెళ్ల దాటాక జేజి కట్టిచ్చిన అన్నం డబ్బా తెరిచాను. తెల్లటి పెరుగన్నం. ఒక్క ఆవగింజ లేదు.

నెల తిరిగాక రెండో సూది కాలేజీలోనే వేశారు. టీకా ఎలా పనిచేస్తుందో అప్పటికే పాఠం అయిపోయింది, పరీక్ష కూడా రాశాను. ఆ రోజు మెస్సులో ఘుమఘుమలాడే పప్పు పెట్టారు. నేను పెరుగన్నమే తిన్నాను. పక్కనున్న వినీత, "ఒంట్లో బాగలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

తర్వాత ఫోన్ చేశాను. "జేజీ, రెండో సూది అయిపాయ."

"తాలింపు?"

"ముట్టలేదు."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"రెండో సూది ఈపొద్దే అని మొన్న చెప్పింటివి గదా," అంది. "పొద్దన్నుంచీ ఈడ కూడా తాలింపు పెట్టలేదు లే."