దొర ఎందుకు కదల్లేదు

వంశధార పొంగి బడి మెట్లు ముంచేసిన వరద ఏడు అది. నీరు తీసిన నెలకే ఊళ్ళో అమ్మవారి పండగ వచ్చింది. పండగ సాయంత్రం జముకుల కథ చెప్పించుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. జముకు తీగ మీటుతూ కథ నడిపేవాడు సోములు. పక్కన నిలబడి వంత పాడేవాడు అతని బావమరిది తిరుమలరావు. వంత లేనిదే కథ సాగదు.

ఈసారి తిరుమలరావు వంత పాడితే వినబోమని కొందరు కబురు పెట్టారు. వరద నాడు కరకట్ట మలుపు దగ్గర అతన్ని కాపలా ఉంచారు. కట్ట చెమ్మగిల్లితే ఇసక బస్తా వేయడం, కేక వేయడం అతని పని. అతను మధ్యలో వెళ్ళిపోయాడు. కట్ట అక్కడే తెగి పక్కనున్న రైతు ఉపేంద్ర మడి నిండా ఇసక మేట వేసింది. ఎందుకు వెళ్ళావంటే, పల్లంలో పశువులు కట్టుతాళ్ళతోనే ఉండిపోయాయని, తాళ్ళు కోసి వచ్చానని చెప్పాడు. వీరుడి కథకు పారిపోయినవాడి వంతేమిటని ఉపేంద్ర అన్నాడట. అది విని తిరుమలరావు తానే రానన్నాడు.

“నువ్వు రాకపోతే నాను సెప్పను,” అన్నాడు సోములు.

సాయంత్రం ఇద్దరూ నిలబడ్డారు. కథ సింగన్నదొరది. శత్రువులు కోట మీద పడితే వాకిట్లో ఒంటరిగా నిలిచి ప్రాణం విడిచినవాడు. ఆ ఘట్టం రాగానే కథ చెప్పేవాడు “దొర కదిలాడా?” అని అడగాలి. ఊరంతా “కదల్లేదు” అనాలి. తాతల నాటి నుంచీ అంతే.

సోములు జముకు ఆపి, “దొర ఎందుకు కదల్లేదు?” అన్నాడు.

అలా అడగడం ఎవరూ ఎరగరు. సెల్లులో వీడియో తీస్తున్నవాళ్ళు కూడా చేతులు దించేశారు. ముందు వరుసలో జగ్గమ్మ గొంతు సవరించుకుంది. వరదలో రెండు ఆవులు దక్కిన ముసలామె.

“ఏటడగతన్నావు సోములూ. ఎనకాల దిడ్డి గుమ్మంలోంచి పిల్లలూ పశువులూ దాటాల గదా. అందుకు నిలబడ్డాడు.”

“మరి ఆటిని దాటించేవోడు లేకపోతే?”

“అప్పుడు దొరే ఎల్లాల. ఉత్త వాకిలి కాసి ఏటి సేస్తాడు?” ఆమె తిరుమలరావు వైపు చేయి చూపింది. “నా ఆవుల తాళ్ళు కోసినోడు ఈడే. ఎర్రావు తన్నిన తన్నుకి ఇంకా కుంటతన్నాడు, సూడండి.”

కొందరు నవ్వారు. ఉపేంద్ర లేచాడు.

“నీ ఆవులు బతికాయి పిన్నీ. నా మడి సచ్చింది,” అని గొంతు పెంచకుండానే చెప్పి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

సోములుకు ఆ మాటా అబద్ధమనిపించలేదు. మళ్ళీ జముకు మీటాడు. తిరుమలరావు వంత అందుకున్నాడు. మిగిలినవాళ్ళు చివరిదాకా కూర్చున్నారు.

తెల్లారేసరికి సోములు పార, గంప పట్టుకుని బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. తిరుమలరావు కుంటుకుంటూ వెంట నడిచాడు. ఉపేంద్ర మడిలోకి దిగి ఇద్దరూ ఇసక ఎత్తడం మొదలుపెట్టారు.