ఆదివారం దారి

జకార్తాలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాడు ఈ ఊరివాడు కాదు. ఇక్కడ గంటల్లో చెబుతాం. అదీ ఏ రోజు, ఎన్నింటికి, వానుందా లేదా అని అడిగి మరీ చెబుతాం. ఇరవై రెండేళ్లుగా కార్లు తోలుతున్న నాకు ఈ విద్య కొట్టిన పిండి. ఆ విద్యతోనే ఒక తల్లిని మోసం చేయబోయాను.

ఆమె పేరు కిర్సి. ఫిన్లాండు మనిషి, వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు. భర్తది ఓడల మీద ఉద్యోగం, ఏడాదిలో సగం సముద్రంలోనే. ఆరేళ్ల కూతురు ఐనోను వెంటబెట్టుకుని వచ్చి ఆఫీసు దగ్గరి హోటల్లో దిగింది. నెల తిరిగేలోగా ఇల్లు చూసుకోవాలి. కంపెనీవాళ్లు ఒక కారునూ నన్నూ ఆమెకు అప్పగించారు.

ఇళ్ల ఏజెంటు మూడు పేటల్లో ఒక్కో ఇల్లు రాసిచ్చాడు. ఉత్తరాన కెలాపా గాడింగ్, నైరుతిలో బింతారో, దక్షిణాన చిపేతే. చిపేతే ఇంటిని నేను మొదటిరోజే కొట్టిపారేశాను. కారు తిరగని సందులో ఇల్లు చూపించే డ్రైవరు ఎవడుంటాడు?

రోజూ కారును యజమాని ఇంట్లో వదిలి నేను ఇల్లు చేరాలి. బింతారో అయితే మా పాములాంగ్‌కు మోటార్‌సైకిల్ మీద పావుగంట. కెలాపా గాడింగ్ అంటే రెండు గంటలు. అంతకుముందు నేను పనిచేసిన దొర అక్కడే ఉండేవాడు. నాలుగేళ్లు తెల్లవారకముందే బయల్దేరాను, నా కూతురు సల్వా నిద్రపోయాక ఇల్లు చేరాను. దానికీ ఆరేళ్లే. చెప్పు తెగినా, బళ్లో బొమ్మ గీసినా, "ఆదివారం నాన్నకి చూపిస్తా" అని దాచిపెట్టేది. ఊడిన పన్నును కాగితంలో చుట్టి నాలుగు రోజులు దాచింది.

కార్లు నిలిపేచోట కాఫీ తాగుతూ ఈ గోడు తోగార్‌కు చెప్పుకున్నాను. వాడు సుమత్రా నుంచి వచ్చిన బతాక్ తెగ మనిషి, నాలాంటి డ్రైవరే. మగవాడు కనిపిస్తే చాలు బావా అంటాడు.

"ఓస్, ఇంతేనా బావా! దొరల ఇల్లు ఎంచేది డ్రైవరే. ఆ సంగతి దొరలకి తెలీదంతే."

"ఎలా ఎంచుతావ్? నువ్వేమన్నా ఏజెంటువా?"

"నీకు గిట్టని పేటకి శుక్రవారం సాయంత్రం తీసుకుపో. నచ్చిన పేటకి ఆదివారం పొద్దున్నే తీసుకుపో. నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు."

అలాగే చేశాను. శుక్రవారం అయిదున్నరకు, మంచి జోరు వానలో, ఉన్నవాటిలోకెల్లా చెత్త దారి ఎంచి కెలాపా గాడింగ్‌కు తీసుకెళ్లాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఐనో వెనకసీట్లో ప్లాస్టిక్ సంచిలో వాంతి చేసుకుంది. "ఇక్కడ వద్దు" అంది కిర్సి, ఇల్లు చూడకుండానే. పిల్ల ముఖం చూస్తే జాలేసింది. లోపల మాత్రం సంబరంగానే ఉంది. ఉన్నమాట చెప్పాలిగా.

ఆదివారం పొద్దున బింతారో. అందుకోసం నా సెలవు వదులుకున్నాను. గుమ్మంలో సల్వా నా చొక్కా పట్టుకుని, "ఇవాళ నీకు సెలవు కదా?" అంది. ఈ ఒక్క ఆదివారం ఇచ్చేస్తే ఇక రోజూ సాయంత్రాలు మనవే అని దానికెలా చెప్పను? వేళ్లు విడిపించుకుని బయల్దేరాను. హోటల్ నుంచి సరిగ్గా ఇరవై ఎనిమిది నిమిషాలు. పెరట్లో రంబుతాన్ చెట్టు, చెట్టునిండా ఎర్రటి పళ్లు. ఐనో చెప్పులు విసిరేసి గడ్డిలో పరుగెత్తింది.

"ఆఫీసు నుంచి రోజూ ఇంతే పడుతుందా ముర్సిద్ గారూ?" అని కిర్సి అడిగింది.

"కాస్త అటూ ఇటూగా, మేడం."

అబద్ధం ఆడక్కర్లేదన్నాడు తోగార్. ఆడవలసే వచ్చింది.

గురువారం సాయంత్రం హోటల్‌కు వెళ్తుంటే ఆమే మాట కలిపింది. మా భాష పుస్తకం పెట్టుకుని నేర్చుకుంది, ఒక్కో మాటా కూడబలుక్కుని చెబుతుంది.

"శనివారం సంతకం పెడుతున్నాను. ఏజెంట్లు వాళ్ల పని జరగాలని ఏదో చెబుతారు. అందుకే మిమ్మల్నే అడిగాను. మీకు దారులు తెలుసు."

నేను అద్దంలోకి చూడలేదు.

"దీనికి ముందు మనీలాలో రెండేళ్లున్నాం. నేను ఇంటికొచ్చేసరికి ఐనో రోజూ నిద్రపోయేది. ఒకరోజు బళ్లో అమ్మ బొమ్మ గీయమంటే పనిమనిషి బొమ్మ గీసింది. ఈసారి ఏడున్నరలోపు ఇల్లు చేరాలి ముర్సిద్ గారూ. నాకు పెరడూ వద్దు, చెట్టూ వద్దు. అదొక్కటే కావాలి."

సిగ్గుతో చచ్చిపోయాను. నాకు కావలసిందీ అదొక్కటే కదా. ఆమె పిల్ల సాయంత్రాలు లాక్కుని నా పిల్లకు పెట్టబోతున్నాను.

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిడ ఎంతిన్ వీధిగుమ్మం ముందు అమ్మడానికి కొబ్బరన్నం పొట్లాలు కడుతుంటే అంతా చెప్పాను. చేతిలో పొట్లం కట్టడం ఆపలేదు గాని, "నీకు బుద్ధుందా?" అంది. ఇంకో పొట్లం చుట్టి, "చెబితే ఉద్యోగం ఊడుతుందేమో" అంది. ఆ రెండూ నాకు తెలిసినవే.

ఆ శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు ఆమె కారెక్కగానే అన్నాను, "మేడం, సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ ఇంటికి పోయొద్దాం."

వాన లేకపోయినా పనులు వదిలే వేళ. ఆరున్నరకు ఇంకా సగం దారి కూడా కాలేదు. ఏడున్నరకు ఆమె గడియారం చూసుకుని, హోటల్లో ఆయా దగ్గరున్న ఐనోకు ఫోనులో శుభరాత్రి చెప్పింది. ఆ ఇంటి గేటు ముందు కారాపేసరికి ఎనిమిదికి పది నిమిషాలు.

"ఇవాళ దారిలో ఏమైనా ప్రమాదం జరిగిందా?" అంది.

"లేదు మేడం. రోజూ ఇంతే. నేను మీకు ఆదివారం దారి చూపించాను. మా ఇల్లు ఇక్కడికి దగ్గర. నాకూ ఆరేళ్ల కూతురుంది. కెలాపా గాడింగ్‌కు శుక్రవారం తీసుకెళ్లిందీ కావాలనే."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా కూతురికి వాంతయింది" అంది మెల్లగా.

ఎలాగూ ఉద్యోగం పోయిందనుకున్నాక నోటికి అడ్డేముంది? "మీరు చిపేతే ఇల్లు చూడండి మేడం. సందు ఇరుకే, కారు తిరగదు. కానీ మెట్రో స్టేషన్ నాలుగడుగుల్లో ఉంది. ఆఫీసు నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. సాయంత్రాలు ఈ ఊళ్లో కారు ఎవరికీ పనికిరాదు" అన్నాను. డ్రైవరై ఉండి, కారు పనికిరాదని నా నోటితో నేనే చెప్పి, నా పొట్ట నేనే కొట్టుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు ఎడమకు, కుడికి అన్న మాటలు తప్ప ఆమె నాతో మాట్లాడలేదు. చిపేతే ఇంటికి తనే రైల్లో వెళ్లి చూసొచ్చి, అదే ఖాయం చేసుకుంది. తోగార్ నన్ను చూసి తల కొట్టుకున్నాడు. "బావా, రైలుకి గిరాకీ తెచ్చిన డ్రైవరుని నిన్నే చూశా!"

బుధవారం మధ్యాహ్నం చిపేతే సందు మొగలో కారాపాను. చివరి సామాను పెట్టె దించాక ఆమె కారు తాళంచెవి కోసం చెయ్యి చాచింది. ఇచ్చేశాను.

"సాయంత్రాలు నాకు కారు అక్కర్లేదు" అంది.

"తెలుసు మేడం."

"పొద్దున్నే ఐనోను బడికి దింపాలి, రెండింటికి మళ్లీ ఇంటికి తేవాలి. తాళంచెవి రాత్రిళ్లు నా దగ్గరే ఉంటుంది. మూడింటికి మీరు వెళ్లిపోవచ్చు. కంపెనీతో మాట్లాడాను."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కానీ ముర్సిద్ గారూ, ఇంకోసారి దారి విషయంలో నాకు అబద్ధం చెప్పారో!"

"చెప్పను మేడం. ఒట్టు."

"ఇప్పుడు మూడు దాటింది. వెళ్లండి" అని సందులోకి వెళ్లిపోయింది.

పనిరోజున ఎండ ఉండగా మా వీధిలోకి మోటార్‌సైకిల్ తిప్పిన గుర్తు నాకు లేదు. ఆరేసిన బట్టలు తీస్తున్న పక్కింటావిడ నన్ను చూసి అలాగే నిలబడిపోయింది. ఎంతిన్ గిన్నెలు తోముతున్నదల్లా లేచి, నురుగు చేతులతోనే ఎదురొచ్చింది.

"పీకేశారా?" అంది. ముఖం పాలిపోయింది.

"లేదే. ఉంది, ఉద్యోగం ఉంది."

సల్వా గడపలో కూర్చుని బొమ్మకు జడ వేస్తోంది. తలెత్తి నన్ను చూసింది, నా వెనక ఎండను చూసింది. బొమ్మను కింద పడేసి లోపలికి పరుగెత్తింది. ఆదివారం కోసం దాచినవి ఒళ్లో పోసుకుని వచ్చింది. రెండు బొమ్మల కాగితాలు, ఒక నత్తగుల్ల, తెగిన చెప్పు. అన్నీ నా ముందు పరిచి, అప్పుడు ఎందుకో అనుమానమొచ్చి ఆగింది.

"నాన్నా, పొద్దున బడికెళ్లానే. ఇవాళ ఆదివారమా?"