అరువు మెట్టెలు

కరీంనగర్‌లో నర్సు ట్రెయినింగ్ చేసే పిల్లలందరిలో అబద్ధమాడనిది నేనొక్కదాన్నే. కావాలంటే మా ఆయన్ను అడగండి. ఏడడుగుల మనిషి, సరిహద్దులో చీనా సైన్యాన్ని ఒంటిచేత్తో ఆపుతున్నాడు. ఆయనలో ఒకటే లోపం. ఆయన లేడు.

ఆయన్ను నేను హుస్నాబాద్ దగ్గరి పల్లెలో పుట్టించాను. కాన్పులు నేర్చుకోమని పంపితే, భూమవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"పెండ్లిగాని పోరి నా బిడ్డకు పురుడు పోస్తదా? నడువ్!"

లోపల ఆమె బిడ్డ నొప్పులతో అరుస్తోంది. నాతో ట్రెయినింగ్ చేస్తూ వెంట వచ్చిన శంకరవ్వ నన్ను కొట్టం వెనక్కి లాగి, తన సంచిలోని మెట్టెలు నా వేళ్ళకు తొడిగింది. మొగుడి దెబ్బలకు తాళలేక ఆమె మంథని నుంచి పారిపోయి వచ్చిందని నాకొక్కదానికే తెలుసు. పెళ్ళయినవాళ్ళను ట్రెయినింగ్‌లో ఉంచరు.

"బురదల జారిపోతయని తీసిన అవ్వా," అని మళ్ళీ గడప ముందు నిలబడి, ఏడడుగుల మొగుడు లడాయిలో ఉన్నాడని కూడా చెప్పాను. తల్లీ బిడ్డా క్షేమం.

తర్వాత వార్డులు తిప్పారు. క్షయ వార్డులో వారమంతా ఊపిరి పీల్చకుండా బతికాను. పిల్లల వార్డులో నా టోపీని నమిలి మింగేశారు. ఆపరేషన్ గదిలో మాత్రం, డాక్టరు చెయ్యి చాపకముందే కత్తెర అందించిన రోజు, గొప్పకు చెప్పుకోవడానికి నాకు ఒక్క కోతా గుర్తు రాలేదు. ఆ పని నేర్చుకోవడానికి హైదరాబాద్‌కు ఒక్కరినే పంపుతారు. నేను అడిగాను. శంకరవ్వా అడిగింది. మేట్రనమ్మ నన్నే ఎంచుకుంది.

సరిగ్గా అప్పుడే భూమవ్వ చంకలో కోడిపుంజుతో ఆస్పత్రిలో దిగింది.

"అల్లుడు లడాయి నుంచి వచ్చిండా బిడ్డా? గీ పుంజు కోసిపెట్టు."

మేట్రనమ్మ శంకరవ్వ వైపు తిరిగింది. "దీనికి పెండ్లయిందా?"

నాకేం ఫికర్ లేదు. మెట్టెలు తొడిగిన మనిషే సాక్షి.

శంకరవ్వ నేల చూపులు చూసింది. "అయిందటమ్మా."

పుంజు కూడా నమ్మలేనట్టు మెడ చాపింది.

"అబద్ధం!" అన్నాను. "మొగడు లేడు, లడాయి లేదు. అన్నీ నేను పుట్టించినయే. మెట్టెలు గూడ అరువుయే."

"మరి మెట్టెలెవరియి?"

శంకరవ్వ చేతులు వెనక్కి దాచుకుంది. ఆ రోజు నా కాలు పట్టుకుని మెట్టెలు తొడిగిన చేతులే. పేరు చెబితే ఆమె మళ్ళీ మంథని పోవాలి. చెప్పకపోతే నా సీటు ఆమెకే పోతుంది.

"చెప్పనమ్మా."

"ఆపరేషన్‌ల ఎన్ని గుడ్డముక్కలు పెట్టినమో, ఎన్ని తీసినమో నర్సు మాటే నమ్మాలె. నిన్నెట్ల నమ్మాలె?"

అట్లా నా సీటు శంకరవ్వకు పోయింది. శంకరవ్వ తలెత్తనే లేదు. భూమవ్వ పుంజును గట్టిగా చంకన అదుముకుని నన్నే చూస్తోంది.

"నాతోని గూడ అబద్ధమేనా బిడ్డా?"

"పెండ్లి అబద్ధం నీ బిడ్డ కోసం ఆడిన అవ్వా," అన్నాను. "ఏడడుగులు మాత్రం నా సరదాకు."