చమేలీ లారీ ఎక్కింది

దాదా ఖలందర్ వంగని కుడికాలు చాపుకొని కూర్చొని, నానబెట్టిన ఉలవల బక్కెట పక్కన రేకు మూత మీద వేళ్లతో దరువేస్తున్నాడు. చమేలీ చెవులు వెనక్కి పడి మళ్లీ నిక్కాయి. అది మూతి బక్కెటలో పెట్టి నమలడం మొదలుపెట్టాక అతను దరువు పెంచాడు. ఈ తెల్లగుర్రానికి చిన్నప్పుడు నాట్యం నేర్పిన మహానుభావుడెవడో, తప్పెట మోగినప్పుడల్లా కాళ్ల మీద ముల్లుకర్రతో కొట్టాడట. నంద్యాలకు వచ్చిన కొత్తలో పెళ్లి బ్యాండు వినబడితే చాలు, గుంజ పెరుక్కొని పారిపోయేది. అందుకే ఖలందర్ దరువు లేకుండా దానికి ఏనాడూ దాణా పెట్టలేదు. మొదట్లో మొండికేసి పస్తులుంది. అది తినేదాకా అతనూ ముద్ద ముట్టలేదు.

"గుర్రాన్నే నిఖా చేసుకోకపోయినావా," అని భార్య హసీనా దెప్పేది.

చమేలీ తొక్కి అతని కాలి బొటనవేలి గోరు ఊడింది. మోకాలు వంగకుండా పోయిందీ దాని తన్నుతోనే. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "అది బెదిరింది, నేను అడ్డమున్న్యా," అంటాడు తప్ప దాన్ని ఒక్క మాట అననివ్వడు.

గుర్రం మాత్రం అతనిది కాదు. షామియానాలూ పెళ్లి సామానూ అద్దెకిచ్చే ఉమామహేశ్వరరావుది. ఆయన దృష్టిలో ఈ తంతంతా గుడ్డిగుర్రానికి పళ్లు తోమడమే. అలాంటివాడు ఆ రోజు పొద్దున్నే లారీతో వచ్చి, ఎన్నడూ లేనిది, ఖలందర్ భుజం మీద చెయ్యేశాడు.

"ఆళ్లగడ్డలో పెండ్లుంది. బేగా సింగారించి ఎక్కించప్పా."

"నిన్న చెప్పలేదే సావుకారూ?"

"ఇప్పుడు చెప్తాండా గదా."

లారీ అంటే చమేలీకి ఇప్పటికీ దడే. ఖలందర్ తాడు లాగడు. పగ్గం వదులుగా పట్టుకొని, దానికి వీపు చూపించి, తనే ముందు లారీకి ఆనించిన పలక ఎక్కి నిలబడతాడు. వెనక్కి తిరిగి చూశాడా, అది మొరాయిస్తుంది. ఆ రోజూ అట్లాగే ఎదుటి చెక్కల కేసి చూస్తూ కూనిరాగం తీశాడు. చాలాసేపటికి పలక కిర్రుమంది. వెచ్చటి ఊపిరి మెడకు తగిలింది. దారంతా దాని మెడకింద భుజం ఆనించి నిలబడే వచ్చాడు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లు దాటి, ఓ రేకుల కొట్టం ముందు లారీ ఆగింది. అక్కడ పందిరి లేదు, బ్యాండు లేదు. పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పే అజయ్ కుమార్ బయటికొచ్చి, దింపిన గుర్రం పెదవెత్తి పళ్లు చూశాడు. అమ్మేశారని ఖలందర్‌కు అప్పుడు అర్థమైంది.

"నువ్వు ల్యాకుంటే అడుగు తియ్యదు. నీకు జరమొస్తే పెండ్లికొడుకును నేను మోయాల్నా?" అన్నాడు ఉమామహేశ్వరరావు, ఎటో చూస్తూ.

ఒక మనిషిని నమ్మడం ఆ నోరులేని జీవం చేసిన నేరమన్నమాట. అమ్ముకో నాయనా, నీ గుర్రం, నీ ఇష్టం. కానీ ఆ నమ్మకాన్ని నువ్వు పెంచావా, మేపావా? నమ్మించి గొంతు కోయడమంటే ఇదే, అదీ ఇంకొకరి చేత్తో.

ఖలందర్ గొంతు పెంచలేదు. "దొంగోళ్లు తాడేసి ఈడ్చుకపోతారు సావుకారూ. నువ్వు నన్నేసి ఈడ్చుకొచ్చినావ్."

"దండిగా మాట్లాడతాండావే," అని ఆయన లారీ ముందు సీటులోకెక్కాడు.

ఖలందర్ కొత్త యజమాని వైపు తిరిగాడు. "దరువేసి దాణా పెట్టన్నా. కట్టె సూపిచ్చొద్దు. కొత్త నీళ్లు ముట్టదు. మా నంద్యాల నీళ్లు క్యానుతో తెచ్చినా, ఈడి నీళ్లల్లో రోంత రోంత కలిపి పెట్టు."

"దప్పికైతే అదే తాగుతాది లేప్పా," అన్నాడు అజయ్ కుమార్.

ఆయన పగ్గం లాగాడు. చమేలీ కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. లాగినకొద్దీ మెడ బిగించింది. ఆయన చూపు గోడకు ఆనించిన వేపకట్టె మీదికి పోవడం ఖలందర్ చూశాడు. పగ్గం తనే అందుకున్నాడు. దానికి వీపు చూపించి, కుంటుకుంటూ కొట్టంలోకి ముందు నడిచాడు. అది బుద్ధిగా వెనకాలే వచ్చింది. లోపల కట్టేసి, తలుపు దగ్గర కూడా తిరిగి చూడకుండా బయటికొచ్చి లారీ ఎక్కాడు.

నంద్యాల పొలిమేరలో కుదుపుకు ఏదో కాలికి తగిలితే చూశాడు. నీళ్ల క్యాను, మూతైనా తియ్యకుండా, నిండుగా అట్లాగే ఉంది.