ఎడమచేతి అబద్ధాలు

తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ చేత గోడ మీద అక్షరాలు చదివించి, "మీకు దూరపు చూపు తగ్గిందండీ" అని మొహం మీదే చెప్పేస్తాడు. ఎవరైనా బాధపడితే, "ఇందులో బాధపడేదేముందండీ, అద్దాలు పెట్టుకుంటే సరి" అని చేతులు దులుపుకుంటాడు. అలాంటివాడు సొంత అక్క దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క చెప్పలేక, ఆ ముక్క చెప్పకుండా తప్పించుకోవడానికి ఏకంగా ఓ విద్యే నేర్చుకున్నాడంటే ఏమనాలి? పిరికివాడనే అనాలి. కాకపోతే పిరికితనం కోసం ఇంత కష్టపడ్డవాణ్ణి మాత్రం ఇంకెక్కడా చూడం.

చెప్పాల్సిన ముక్క ఇది: అక్క పాడుతుంటే శ్రుతి దిగిపోతోంది.

అక్కది ప్రెస్సులో ఉద్యోగం. అచ్చయిన కాగితాలు మడిచే మిషను పక్కనే ఆవిడ వయసంతా గడిచింది. ఆ మోత ఆవిడ చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. "సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయమ్మా, లావుపాటివి ఇంకొన్నాళ్ళు నిలుస్తాయి. పోయినవి తిరిగి రావు" అన్నాడు డాక్టరు. చెవికి మిషను ఇచ్చారు. అది మాటలకి పనికొస్తుంది గానీ గొంతెత్తి పాడితే కీచుమంటుంది. అందుకని పాట ముందు దాన్ని తీసి బ్యాగులో పడేస్తుంది. ఇంట్లో బావకి ఇదంతా వేళాకోళం. "పెళ్ళయిన కొత్తలోనుంచీ మీ అక్క నా మాట వినడం లేదురా. డాక్టరు ఇప్పుడు కనిపెట్టాడంతే" అంటాడు. అంటూనే, ఆవిడ అడక్కుండా టీవీ సౌండు తనే పెంచుతాడు.

శుక్రవారం సాయంత్రాలు మాత్రం అక్క వేరే మనిషి. స్టేషను దగ్గరున్న హోటల్లో, భోజనాల హాలు మూల ఒక పాత పియానో ఉంది. తమ్ముడు వాయిస్తాడు, అక్క పాడుతుంది. తినేవాళ్ళు తింటారు, వినేవాళ్ళు వింటారు. వారమంతా మోతలో మాట వినపడక తలూపే మనిషి, ఆ ఒక్కపూట అందరూ తన మాట వినేలా నిలబడుతుంది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కే, వాడి చెయ్యి పట్టుకుని పియానో ముందు కూర్చోబెట్టిందీ అక్కే. కాబట్టి ఆ హాల్లో ఎవరు ఎవరికి తోడన్నది వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు అక్క వాణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, నాకు చెవి పోతే పోయింది. పాడేది గొంతుతో కదా. కానీ ఒక్కమాట. నేను శ్రుతి తప్పితే నువ్వే చెప్పాలి. ఎవరి మొహంలోనో చూసి తెలుసుకునే ఖర్మ నాకు పట్టించకు. ఆ రోజుతో మానేస్తాను."

"అలాగే అక్కా" అన్నాడు తమ్ముడు. అనేయడానికేం.

వానలు మొదలైన కొత్తలో ఒక శుక్రవారం, ఎప్పుడూ పాడే పాటలోనే, చరణం చివర సాగదీసే స్వరం దగ్గర అక్క గొంతు సగం మెట్టు కిందికి జారింది. ముందు బల్ల దగ్గర ఒకాయన చెంచా నోటి దాకా తీసుకెళ్ళి ఆగి, మళ్ళీ తిన్నాడు. అక్క మాత్రం సంతోషంగా పాట ముగించి వంగి దణ్ణం పెట్టింది. దారిలో, "ఇవాళ ఎలా ఉందిరా?" అని అడిగింది. తమ్ముడు "బానే ఉందక్కా" అన్నాడు. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. ఈ 'వచ్చే వారం' అనే మాటని కనిపెట్టినవాడెవడో కూడా ఇలాంటివాడే అయ్యుంటాడు.

ఆ వారంలోనే వాడు గొణుగుడు మాస్టారి గుమ్మం ఎక్కాడు. ఒకప్పుడు పెద్ద బ్యాండులో పియానో వాయించిన మనిషాయన. ఎవరు వాయిస్తున్నా పక్కన కూర్చుని తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉంటాడని ఆ పేరు. జాజ్ నేర్పమని అడిగితే తలుపు సగమే తీసి, "ఎందుకు?" అన్నాడు.

"పాట వరుస మార్చకుండా కింద కార్డ్‌లు మారుస్తారు కదండీ, అది నేర్చుకోవాలండి."

"వంట రాకముందే తాలింపు కావాలా నీకు?" అన్నాడు గానీ లోపలికి రానిచ్చాడు.

మూడు నాలుగు మెట్లు కలిపి ఒక్కసారి నొక్కితే అది కార్డ్. తమ్ముడికి వచ్చినవి పాత, తిన్నని కార్డ్‌లు. ఏ స్వరానికి ఏది పెట్టాలో చిన్నప్పుడు నేర్చుకుని, అవే వాయిస్తూ బతికేశాడు. మాస్టారు మొదటిరోజు ఒకే ఒక్క స్వరాన్ని కుడిచేత్తో మోగిస్తూ, ఎడమచేత్తో దాని కింద ఒకదాని తర్వాత ఒకటి కార్డ్‌లు మార్చాడు. మోగే స్వరం అదే. కానీ ఒకసారి ఇంటికొచ్చిన మనిషిలా వినపడింది, ఒకసారి ఇల్లు వదిలి వెళ్ళేవాడిలా వినపడింది. "తప్పు స్వరమంటూ లేదురా. దానికి కింద ఎవరు తోడున్నారన్నదే లెక్క" అని గొణిగాడు. వేరేవాడైతే ఆ మాటకి ఆనందపడేవాడు. తమ్ముడికి ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే సరిగ్గా వాడికి కావలసింది అదే.

నేర్చుకోవడం అనుకున్నంత తేలిగ్గా సాగలేదు. దుకాణంలో అద్దాల బల్ల మీద వేళ్ళు ఆడించుకుంటూ, ఒకావిడకి ఇంకొకాయన కళ్ళజోడు తొడిగాడు. మాస్టారు ఇచ్చిన పాఠం ఇంట్లో బాగానే వచ్చేది, ఆయన ముందు కూర్చునేసరికి వేళ్ళు కట్టెలయ్యేవి. కార్డ్‌లోని స్వరాలని రెండు చేతుల మధ్యా ఎడంగా పంచడం, మధ్య స్వరాలు ఒక్కొక్క మెట్టే నెమ్మదిగా దిగేలా చూడడం, పాడేవాళ్ళ గొంతు కోసం జాగా వదలడం, ఎక్కడ చెయ్యెత్తేసి ఊరుకోవాలో తెలియడం. "నువ్వు వాయించడం కాదురా, సామాన్లు సర్దుతున్నావు" అని మాస్టారు తిట్టేవాడు. మళ్ళీ ఆయనే ఒక కిటుకు చెప్పాడు. కార్డ్ కాస్త ఆలస్యంగా వేసినా ఫరవాలేదు, జాజ్‌లో దాన్ని అందం అనుకుంటారు అని. ఆ ఆలస్యమే తమ్ముడికి ప్రాణం పోసింది. అక్క గొంతు ఎక్కడ దిగుతుందో విని, ఆ తర్వాత కార్డ్ వెయ్యొచ్చు.

చలి మొదలయ్యేసరికి పని పట్టుబడింది. అక్క స్వరం సగం మెట్టు జారగానే తమ్ముడి ఎడమచెయ్యి వేరే చోటికి దూకేది, ఆ జారిన స్వరమే కావాలని పాడినట్టు వినపడేది. చెంచాలు ఆగడం మానేశాయి. పైగా చప్పట్లు పెరిగాయి. "మీ అక్కగారు ఈమధ్య ఏదో కొత్తగా పాడుతున్నారండీ" అన్నాడు హోటలు మేనేజరు. తమ్ముడు నవ్వాడు. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు.

"నీ ఎడమచెయ్యి ఎక్కడెక్కడో తిరుగుతోందేంట్రా?" అని అక్క ఓసారి అడిగింది. పాడేటప్పుడు ఆవిడ పియానో పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. ఫోటోకి నిలబడ్డట్టు ఠీవిగా ఉంటుందని తమ్ముడు అనుకునేవాడు.

"కొత్తగా నేర్చుకున్నానక్కా. జాజ్‌లో అంతే."

"బావుందిలే. కాస్త నన్ను కూడా చూసుకో" అని నవ్వింది అక్క.

మాస్టారు ఒక శుక్రవారం చెప్పకుండా వచ్చి, హాల్లో చివర కూర్చుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. తర్వాతి పాఠానికి పియానో మూత తెరవలేదు.

"ఆవిడ ఎక్కడ జారితే అక్కడ కింద దుప్పటి పరుస్తున్నావు. బాగానే పరుస్తున్నావు. ఎన్నాళ్ళు?"

"తెలీదండి."

"సగం మెట్టు జారితే దానికో కార్డ్ ఉంది. పావు మెట్టు జారితే ఏం చేస్తావు? ఆ మెట్టు పియానోలోనే లేదు కదరా."

తమ్ముడి దగ్గర జవాబే ఉంటే ఇన్నాళ్ళూ ఆ గుమ్మం చుట్టూ ఎందుకు తిరుగుతాడు? చెబుదామంటే అక్క మానేస్తుంది. చెప్పకపోతే ఏదో ఒకరోజు వేళ్ళకి అందనంత జారుతుంది. రెండువైపులా గోడే. ఆ గోడల మధ్య కూర్చుని వాడు ఇంకొన్ని కార్డ్‌లు నేర్చుకున్నాడు, అంతకంటే చెయ్యగలిగింది లేక.

ఆ గోడ కూలింది మాత్రం వాడు ఊహించిన వైపు నుంచి కాదు. ఒక శుక్రవారం రెండు పాటలయ్యాక మేనేజరు తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి కాలేజీలో పాడుతుందట, సెలవులకి వచ్చిందట. "ఒక్క పాటండీ, మీ అక్కగారు పాడే ఆ పాటే" అని బతిమాలాడు. అక్క సంతోషంగా, "రామ్మా, రా" అని పక్కకి జరిగింది. జరిగి, అలవాటుగా పియానో చెక్క మీద చెయ్యి వేసి నిలబడింది.

అమ్మాయి గొంతు లేతది, శ్రుతి మాత్రం గీత గీసినట్టుంది. తమ్ముడి వేళ్ళకి హాయిగా అనిపించింది. చాలా కాలం తర్వాత ఎవర్నీ కాపాడే పని లేకుండా వాయిస్తున్నాడు. చరణం చివర సాగదీసే స్వరం వచ్చింది. సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే నిలిచింది. ఎడమచెయ్యి కూడా, చిన్నప్పుడు నేర్చుకున్న ఆ పాత, తిన్నని కార్డ్ మీదికే వెళ్ళింది.

అప్పుడు తల తిప్పి చూశాడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. చెక్క మీద ఆవిడ వేళ్ళు, వాడి ఎడమచేతి వేళ్ళతో పాటే, ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి.

లావుపాటి చప్పుళ్ళు ఇంకొన్నాళ్ళు నిలుస్తాయని డాక్టరు అన్నమాట వాడికి అప్పుడు అర్థమైంది. వాటిని ఆవిడ చెవితో కూడా కాదు, అరచేత్తో వింటోంది. ఎడమచెయ్యి పోయిన ప్రతిచోటుకీ ఇన్నాళ్ళూ వెంటే వచ్చింది. ఇప్పుడు అది ఎక్కడికీ పోవడం లేదని కూడా ఆవిడకి తెలుస్తోంది. తను పాడితే దారి తప్పే చెయ్యి, ఈ పిల్ల పాడితే తిన్నగా నడుస్తోంది.

రెండో చరణం వచ్చింది. తమ్ముడు ఇంకొక్క అబద్ధంతో సరిదిద్దుదామనుకున్నాడు. అదే స్వరం దగ్గర ఎడమచేతిని అక్కకి అలవాటైన కొత్త చోటికి దూకించాడు. సరైన స్వరం కింద ఆ కార్డ్ పడేసరికి హాలంతా పళ్ళు గిట్టకరుచుకుంది. అమ్మాయి బిత్తరపోయి పాట ఆపి, మళ్ళీ అందుకుంది. మేనేజరు తమ్ముడి వంక కొట్టేలా చూశాడు. అక్క కళ్ళు తెరిచింది. చప్పుడు ఆవిడకి పూర్తిగా అందకపోవచ్చు, మొహాలు అందాయి. ఒక్కొక్క బల్లనీ చూసి, చివరికి తమ్ముణ్ణి చూసింది.

అమ్మాయి పాట ముగించి, చప్పట్లందుకుని వెళ్ళిపోయింది. అక్క వచ్చి తన చోట్లో నిలబడింది.

"అదే పాట వాయించు" అంది.

"వేరేది పాడక్కా."

"అదే. పాత కార్డ్‌లతో వాయించు. నేనెక్కడికి పోయినా నువ్వు కదలకు."

వాడు వాయించాడు. అక్క ఈసారి చెక్క మీద చెయ్యి వెయ్యలేదు, కళ్ళు మూసుకోలేదు. తింటున్న జనాన్ని చూస్తూ పాడింది. చరణం చివర స్వరం జారింది. ఏ కార్డ్ వేస్తే అది నిలబడుతుందో తమ్ముడి వేళ్ళకి తెలుసు, నిద్రలో లేపి అడిగినా వేస్తాడు. వెయ్యలేదు. పాత కార్డ్ మీద వేళ్ళు అదిమిపెట్టి, తల వంచుకుని ఉండిపోయాడు. ముందు బల్ల దగ్గరావిడ కంచంలోకి చూసుకుంది. పక్క బల్ల మీద పిల్ల నవ్వబోతే తల్లి తొడ మీద గిల్లింది. అవన్నీ అక్క చూసింది. చూస్తూనే రెండో చరణం కూడా పాడింది, ఒక్కమాట మింగకుండా, చివరి దాకా.

మర్యాదకి ఎవరో రెండు చప్పట్లు కొట్టారు. అక్క దణ్ణం పెట్టి, బ్యాగులోంచి చెవి మిషను తీసి పెట్టుకుని, తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఎప్పట్నుంచిరా?"

"వానలప్పట్నుంచి."

"చెప్పమన్నాను కదా."

అక్క వాడి ఎడమచేతిని తీసుకుని, చిన్నప్పుడు గోళ్ళు తీసేటప్పుడు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. కోపం లేదు. కోపమున్నా బావుండేదనిపించింది వాడికి.

"ఈ చలికాలమంతా అంతంత చప్పట్లు కొట్టారు కదరా. ఇంటికెళ్ళి మీ బావకి చెప్పుకుని మురిసిపోయాను" అంది నెమ్మదిగా. "వాటిల్లో నావేమైనా ఉన్నాయా?"