బిరడా మసి

చేయి జారిందంటే చాలు, అద్దం పగిలితే ఎవరేమంటారు, మేకు వదులుగా ఉందంటాను, కానీ అప్పయమ్మ ఎదురుగానే నిలబడింది, జాగర్త మావా, దేవుళ్ళ పటాలు తరవాత, ముందు నీది తగిలించు అంటోంది, క్వార్టరుకి వేసిన సున్నం ఇంకా ఆరలేదు, ఆ వాసనలో కూడా నా ముక్కుకి మసే తగులుతోంది, దొరలు తాగేసిన సీసాల బిరడాలు ఏరి, రైల్వే దొరల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్ వంటింట్లో కాల్చి, మసి నూరి ఇచ్చింది నేనే, నా బేరా పనిలో అదీ ఒకటి, క్రిస్మస్ బడాదినానికి నాటకమట, హబ్షీలనే ఆఫ్రికా నల్లవాళ్ళ వేషాలట, గార్డు దొరా డ్రైవరు దొరా మొహాలకి అది పులుముకుని, పెదాల చుట్టూ తెల్లరంగు పెట్టుకుని గెంతుతుంటే దొరసానులు పొట్టలు పట్టుకుని నవ్వారు, అది చాలలేదు కాబోలు, ఫోటోకి నన్నూ పిలిచారు, ట్రేతో మధ్యలో నిలబెట్టి నా పెదాలకీ తెలుపు పూశారు, గార్డు దొర రుమాలుతో తన బుగ్గ తుడిచి చూపించాడు, నల్లగా అంటింది, రెండో కొసతో నా బుగ్గ రుద్దాడు, ఆ కొస తెల్లగానే ఉంది, నాది ఒంటి నలుపే కదా, హాలంతా ఘొల్లున నవ్వింది, హసో నూకరాజు, హసో, అన్నాడు ఫోటో దొర, నవ్వాను, డ్యూటీ కదా, బుగ్గ మండుతూనే ఉంది.

బక్షీసని ఒక కాపీ చేతిలో పెట్టారు, పారేసేలోగా ఈవిడ చూసి అద్దం కట్టించింది, ఈవిడకేం తెలుసు, మా వైపు మొహానికి రంగేశారంటే రాజైనా కావాలి, దేవుడైనా కావాలి, దొరలందరూ కిట్టమూర్తి ఏసం కట్టినారొదినా, మా మావని నడిమజ్జిన నిలబెట్టినారు, అని పక్క క్వార్టరు కనకానికి చెబుతోంది, అచ్ఛా, మరి మూతికి ఆ తెలుపేటి అని కనకం వంగి చూస్తోంది, ఎన్న కాదేటి, ఎన్నదొంగ కదా ఆయన, అంటూ నవ్వుతోంది నా పెళ్ళాం.

చెప్పేయాలి, కానీ చెబితే ఆ నవ్వేమైపోతుంది, ఈ బిలాస్‌పూర్‌లో అయినవాళ్ళు లేక ఏడ్చే మనిషి, ఈ పటం వచ్చాకే కదా క్వార్టర్ల లైన్లో తలెత్తుకు తిరుగుతోంది, నాకింకో ఫోటో లేదు, రేపు నేను పోతే దండేసేదీ దీనికే, ఒద్దే అనబోయాను, అప్పటికే పటంలో నా నుదుట కుంకుమ పెట్టేసింది, మేకు కొట్టిందీ నేనే, తగిలించిందీ నేనే, దొరలు ఆ పూటే సబ్బుతో కడిగేసుకుని ఇళ్ళకెళ్ళిపోయారు, ఇంకా ఆ వేషంలోనే ఉన్నది, నా ఇంట్లో, దేవుళ్ళ పక్కన, నేనొక్కణ్ణే.