ఒట్టు పెట్టని ఆయా

ఆ హోటలుకి బోర్డు లేదు. భవానీపూర్‌లో ట్రాము రోడ్డు దాటి రెండు సందులు లోపలికి వెళితే పచ్చ కిటికీల పాత మేడ ఒకటి ఉంటుంది. గేటు మీద ఇంటిపేరు తప్ప ఇంకేమీ రాసి ఉండదు. వచ్చినవాళ్ళు హోటల్లో దిగామనుకోకూడదట, చుట్టాలింటికి వచ్చామనుకోవాలట. గదులు ఐదే. వాటికి నంబర్లుండవు, తాతగారి గది, చిన్నత్త గది అని పేర్లు. మధ్యాహ్నం అందరూ ఒకే టేబులు దగ్గర కూర్చుని తినాలి. ఇంటావిడ తనే వడ్డిస్తూ, ఇంటి కథలు చెబుతూ తినిపిస్తుంది. ఆ కథల కోసమే జనం వెతుక్కుంటూ వచ్చేవారు.

సాల్ట్ లేక్‌లో తబితా పనిచేసే ఆఫీసులో ఎవరో ఆ ఇంటి ఫోటో చూపించారు. చూడగానే ఆమె గుర్తుపట్టింది. తన తల్లి అచ్చమ్మ ఆరేళ్ళు ఆయాగా చేసిన ఇల్లది. ఇంటి యజమానురాలి బంగారు గాజు పోతే, ఆ నేరం అచ్చమ్మ నెత్తిన వేసి వెళ్ళగొట్టారు. అప్పటికి తబితాకి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ముప్పై ఒకటి.

ఆ మాట తల్లీకూతుళ్ళకంటే ముందే వాళ్ళుండే లిలువాకి చేరింది. రైల్వే క్వార్టర్ల పక్కన ఉన్న తెలుగు సంఘం అచ్చమ్మను ప్రభువు బల్లకు దూరం పెట్టింది. రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారాల్లో ఆమె వెనక బెంచీలో కూర్చునేది. పదహారేళ్ళు అలాగే కూర్చుంది. తబితా పెళ్ళి కుదిరినప్పుడు సంఘపెద్ద ఎలీయాజరు వచ్చి, "ఒప్పుకోలు లేకపోతే పిల్ల పెళ్ళి గుడిలో జరగదమ్మా" అన్నాడు. ఆ ఆదివారం అచ్చమ్మ అందరి ముందూ నిలబడి, "నేనే తీశాను" అంది. పెళ్ళి జరిగింది. ఆమెను మళ్ళీ బల్లకు చేర్చుకున్నారు.

చేర్చుకున్నారే గాని, ఆ తర్వాత ఏడేళ్ళలో అచ్చమ్మ ఒక్కసారీ రొట్టె తీసుకోలేదు. పళ్ళెం తన దగ్గరికి వస్తే తల వంచుకుని పక్కవాళ్ళకి అందించేది. "తిన్న సొత్తు అరగడం లేదు, పాపం" అని ఆడవాళ్ళు గుసగుసలాడేవారు. తబితా కూడా అలాగే అనుకుంది. ముందు నీ సహోదరునితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నది బైబిలు వాక్యం. ఆ ఇంటివాళ్ళ కాళ్ళు పట్టుకుని ఒక్కసారి క్షమించమని అడిగితే తల్లి మనసు తేలికవుతుంది. అరవై అయిదేళ్ళ మనిషి, గుండె జబ్బు. కన్నుమూసేలోగా ఒక్కసారి ఆ రొట్టె ముట్టుకుంటే చాలు. అందుకే తల్లికి చెప్పకుండా ఆ ఇంట్లో రెండు రోజులకు గది తీసుకుంది.

గేటు ముందు టాక్సీ ఆగగానే అచ్చమ్మ దిగనంది.

"ఏటే ఇది? ఎక్కడికి తెచ్చావు నన్ను?"

"ఇప్పుడిది హోటలమ్మా. మనల్నెవరూ గుర్తుపట్టరు. నువ్వు తుడిచిన గచ్చు మీద ఒక్కరోజు చెప్పులేసుకుని నడువు."

"నాకేటీ అక్కర్నేదు."

"నాకోసం రామ్మా."

కూతురు నాకోసం అంటే అచ్చమ్మ ఎన్నడూ కాదనలేదు. దిగింది. వరండాలోకి రాగానే అలవాటు కొద్దీ చెప్పులు విప్పబోతే, తబితా చెయ్యి పట్టి ఆపింది.

ఇంటావిడ కేతకి ఎదురొచ్చి, "రండి మాషీమా, మీ ఇల్లే అనుకోండి" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి అచ్చమ్మకు నమస్కారం పెట్టింది. ఒకప్పుడు అచ్చమ్మ చంకలో పెరిగిన పిల్ల. పాత యజమానురాలు, అంటే కేతకి తల్లి, పోయి నాలుగేళ్ళయిందని అప్పుడే తెలిసింది. సరే, అమ్మ చేత ఈ కూతురినే క్షమాపణ అడిగిద్దాం, భోజనాలయ్యాక నెమ్మదిగా, అనుకుంది తబితా.

టేబులు దగ్గర ఢిల్లీ నుంచి వచ్చిన ఒక జంట కూడా ఉంది. చేపల పులుసు వడ్డిస్తూ కేతకి వాళ్ళకోసం హిందీలో కథ ఎత్తుకుంది.

"మా ఇంట్లో ఒక మద్రాసీ ఆయా ఉండేది. తాడిచెట్టంత మనిషి. నాకు అన్నం పెట్టాలంటే ఇల్లంతా పరుగెత్తేది. ఒకరోజు అమ్మ గాజు పోయింది. ఇంకెవరు తీస్తారు? అమ్మ మహా తెలివైంది, ఏం చేసిందో తెలుసా? ఆయాని పిలిచి, నీ కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి, నమ్ముతానంది. ఆ పిల్ల అక్కడే ఉంది, ముక్కు కారుతూ. ఆయా వెయ్యనంటే వెయ్యనంది! రాయిలా నిలబడింది. ఇంక చెప్పేదేముంది?"

తబితా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. తల దాకా వచ్చిన తల్లి చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. తల్లి దొంగేనని తనకు రూఢి అయింది ఆ క్షణంలోనే. దొంగైనా, నా ప్రాణం మీద అబద్ధపు ఒట్టు వెయ్యలేదు, అంత ప్రేమ ఉంది అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది.

"గాజు దొరికిందా మరి?" అంది ఢిల్లీ ఆవిడ.

"దొరక్కేం! నాలుగు నెలల తర్వాత హార్మోనియం బాగుచేయించడానికి విప్పితే లోపల్నుంచి ఠంగుమని పడింది. పడేసిందెవరనుకున్నారు? ఈ మహాతల్లే!" కేతకి తన గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మ నగలు పెట్టుకుని కచేరీ ఆట ఆడాను. తిడతారని నోరు విప్పలేదు."

అందరూ పడీ పడీ నవ్వారు.

"అయ్యో, ఆయాకి కబురు చేశారా?"

"పాపం, తర్వాత తనే ఒకసారి గేటు దగ్గరికొచ్చింది. గాజు తను తియ్యలేదని అమ్మ సంతకంతో ఒక కాగితం కావాలట, వాళ్ళ గుడిలో చూపించడానికి. అమ్మ గేటు కాసే దర్వాన్ చేత పంపించేసింది. నిజం చెబితే మళ్ళీ పనిలో పెట్టుకోమంటుంది కదా! అప్పటికి కొత్త ఆయా చక్కగా కుదిరింది."

"ఒట్టు వెయ్యడానికేం? భయపడి ఉంటుంది" అన్నాడు ఢిల్లీ ఆయన.

"భయం కాదు బాబూ" అంది అచ్చమ్మ. హిందీ మాటలు కూడబలుక్కుంటూ అంది. "మా వాక్యం ప్రకారం మేం ఒట్టు పెట్టకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు. కాదని మూడుసార్లు చెప్పాను."

కేతకి గరిటె గిన్నెలోకి జారింది. అచ్చమ్మ ముఖంలోకి వంగి చూసింది. సిగ్గుతో ఎర్రబడాల్సిన కేతకి ముఖం వెలిగిపోయింది.

"ఆయామా! నువ్వా! జుట్టంతా తెల్లబడిపోయిందే!" అని వచ్చి వాటేసుకుంది. "చూశారా, కథలో మనిషే మన టేబులు దగ్గర కూర్చుంది!" ఢిల్లీ ఆవిడ కెమెరా తీసింది.

తబితా లేచి నిలబడింది. "ఆ కాగితం ఇప్పుడు రాసివ్వండి దీదీ. రెండు మాటలు చాలు. మా సంఘంలో చదివించాలి."

"ఇన్నేళ్ళ తర్వాత కాగితమెందుకు చెల్లీ?" అంది కేతకి నవ్వుతూనే. "చనిపోయిన అమ్మ పేరు బజార్న పెట్టమంటావా? ఇంటి మాట ఇంట్లో ఉండాలి. మీరూ ఇంటివాళ్ళేగా." తియ్య పెరుగు మరో గరిటెడు అచ్చమ్మ కంచంలో వేసింది. "శనివారాలు ఇలాగే వచ్చి కూర్చోకూడదూ ఆయామా? నేను చెప్పేదానికంటే నీ నోట వింటే వీళ్ళకి ఇంకా బాగుంటుంది."

అచ్చమ్మ లేచింది. తన కంచం తనే తీసుకుని వంటింటి వైపు నడిచింది. మిగతా అతిథుల కంచాలు పనివాళ్ళు తీశారు. ఆమెను మాత్రం వద్దని ఎవరూ అనలేదు.

గదిలో తబితా తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మరి గుడిలో నువ్వే తీశానని ఎందుకన్నావమ్మా?"

"నీ పెళ్ళి ఆగిపోతాదని. ఒట్టేస్తే తప్పని ఆ రోజు దేవుడికి భయపడ్డాను. పదహారేళ్ళ తరవాత ఆయన ముందే నిలబడి అబద్ధమాడాను. ఆ నోటితో రొట్టె ఎలా తిందును?" కిటికీలోంచి సందులోకి చూస్తూ అంది. "ఆయన అప్పుడు ఒట్టు వద్దన్నాడు గాని, ఇప్పుడేటి సెయ్యాలో సెప్పనేదు."

అది సంఘపెద్దకైనా తెలుసో లేదో, అనుకుంది తబితా. వాక్యంలో వెతికితే ఎక్కడైనా ఉంటుందేమో.

"నన్నిక్కడికి ఎందుకు తెచ్చావే?" అంది అచ్చమ్మ ఉన్నట్టుండి.

తబితా తల్లి మందుల డబ్బా కోసం సంచిలో వెతకసాగింది.

"గచ్చు మీద నడిపించడానికి కాదు. సెప్పు."

"వాళ్ళ కాళ్ళు పట్టుకుని, క్షమించమని నీ చేత అడిగించాలని."

అచ్చమ్మ కిటికీ వదిలి కూతురి వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అడిగింది. "అంటే, ఇన్నేళ్ళూ నా చేతి కూడు తింటూ, నన్ను దొంగనుకున్నావా?"

లేదమ్మా అంటే చాలు. ఒక్క మాట. ముసలి ప్రాణం ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చేది. తబితా నోరు తెరిచింది. అబద్ధం ఆడకూడదని ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఆ తల్లే.

"అనుకున్నానమ్మా."

అచ్చమ్మ తల ఊపింది. మంచం మీద పరిచిన తన చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. కూతురి చీర ముట్టుకోలేదు.

"హౌరా బస్సు నాకు తెలుసు, నువ్వు రాకు" అని మెట్లు దిగింది. కింద వరండాలో, "శనివారం మర్చిపోకు ఆయామా!" అంటున్న కేతకి గొంతు వినిపించింది.